చవక ఇల్లు ఎవరికి చవక? ఒక కుటుంబం మకాం మార్పు: కేస్ స్టడీ

ఈ కుటుంబంలో అయిదుగురు. భర్త ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. వారంలో మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే పని. భార్య పెద్ద ఆసుపత్రిలో నర్సు, షిఫ్టులు మారుతూ ఉంటాయి. అమ్మాయికి 14 ఏళ్లు, అబ్బాయికి 8. భర్త తల్లికి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కలేరు. వాళ్లు అద్దెకుంటున్న ఇంటిని ఓనరు అమ్మకానికి పెట్టి, ఖాళీ చేయడానికి గడువిచ్చారు. అదే పేటలో అంతే ఇల్లు ఇప్పుడు అద్దెకి తీసుకోవాలంటే వీళ్ల తాహతుకి మించిన పని. చేతిలో ఉన్న పొదుపు డౌన్ పేమెంట్‌కి సరిగ్గా సరిపోతుంది, ఆ తర్వాత ఏమీ మిగలదు.

నా దగ్గరికి వచ్చేసరికే భర్త మనసులో ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఊరి శివార్లలో కొత్త లేఅవుట్, మూడు బెడ్‌రూముల సొంత ఇల్లు, ముందు కాస్త ఖాళీ జాగా. "ఇప్పుడు కడుతున్న అద్దె కంటే ఈఎంఐ తక్కువండీ. ఇంక ఆలోచించేదేముంది?" అన్నారు. భార్య షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. ఆమె ఆ రోజు పెద్దగా మాట్లాడలేదు. ఇళ్లు చూపించడం, కమీషన్ తీసుకోవడం నా పని కాదు. ఎక్కడుంటే ఆ కుటుంబానికి రోజు గడుస్తుందో లెక్క వేసి చెప్పడమే నా పని. అందుకే ఇంటి ఫొటోలు పక్కన పెట్టి, ముందు అయిదుగురి వారం ఎలా నడుస్తుందో రాయించాను.

అసలు అంకెలు బయటపెట్టకుండా, ఇంటికొచ్చే నెల ఆదాయాన్ని 100 అనుకుని రాస్తున్నాను. ఇలా రాస్తే ఎవరి ఆదాయానికైనా పోల్చుకోవచ్చు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

డబ్బు లెక్క

ఇంటికి ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న మాట అందరూ వినే ఉంటారు. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ల అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో చట్టం తెచ్చారు, 1981లో ఆ పరిమితిని 30కి పెంచారు. ఆ అంకెకి అంత పేరు రావడంలో ఈ చట్టాల పాత్ర పెద్దది. పేదల అద్దెకి ప్రభుత్వం పెట్టుకున్న హద్దు అది. ఏ ఇల్లు తీసుకోవాలో చెప్పడానికి పుట్టిన సూత్రం కాదు. చికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చుకి రాకపోకల ఖర్చు కూడా కలిపి, రెండూ చేరి 45 శాతం దాటకూడదంటుంది. నాకు ఈ లెక్కే నచ్చుతుంది. ఇల్లు దూరమైన కొద్దీ అద్దెలో మిగిలిన డబ్బు పెట్రోలుకీ టికెట్లకీ పోతుంది కాబట్టి రెండింటినీ ఒకే సంచీలో వేసి చూడాలి.

ఇప్పటి ఇంటి అద్దె 31. శివారు ఇంటి ఈఎంఐ 27. ఇక్కడిదాకా భర్త చెప్పింది నిజమే. పన్ను, బీమా, మరమ్మతులకి నెలకి 3 వేసుకున్నాం. రెండో బండి కొనక తప్పదు, ఎందుకో కింద చెప్తాను. దాని వాయిదా, ఇద్దరి పెట్రోలు, పిల్లల స్కూలు బస్సు అన్నీ కలిపితే 17. మొత్తం 47. చవకన్న ఇల్లు 45 గీత దాటేసింది.

ఉన్న పేటలోనే చిన్న ఇంటికి మారడం రెండో దారి. రెండు గదులు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అద్దె 36, రాకపోకలు 6, మొత్తం 42. డబ్బు పరంగా శివారు కంటే ఇదే నయం. కానీ పెద్దావిడ ఒకసారి పైకెక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతారో తెలీదు. దాన్ని ఇక పొడిగించలేదు.

మూడోది, భర్త అన్నయ్య ఉంటున్న చిన్న ఊరు. అక్కడ అద్దె 15, రాకపోకలు 5. వినడానికి స్వర్గంలా ఉంటుంది. ఆమెకి అక్కడ నర్సు ఉద్యోగం దొరుకుతుంది, ఆయనకి ఇప్పటి జీతం దొరకదు. వచ్చే అవకాశమున్న జీతాలతో లెక్క వేస్తే ఇంటి ఆదాయం 68కి పడిపోతుంది. 20 పోగా చేతిలో మిగిలేది 48. శివారు ఇంట్లో 53 మిగులుతుంది. అంటే అద్దె సగానికి తగ్గినా మిగులు పెరగలేదు. మిగతా ఖర్చులు అక్కడ తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆయన పని చేయగల ఆఫీసులు అక్కడ ఒకటో రెండో ఉన్నాయి. ఆ ఒక్క ఉద్యోగం పోతే మళ్లీ మకాం మార్చాలి. చిన్న ఊరికి వెళ్లాలనుకునేవాళ్లని నేను మొదట అడిగేది ఇదే: ఈ ఉద్యోగం పోతే రెండోది అదే ఊళ్లో దొరుకుతుందా?

నాలుగోది వాళ్ల జాబితాలో లేదు, నేను చేర్చాను. ఆసుపత్రికి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో, రైలు పట్టాల పక్కన ఒక పాత పేట. బిల్డింగులు నలభై ఏళ్ల నాటివి. కారు పెట్టుకునే చోటు లేదు. అద్దె 25 నుంచి 28, రాకపోకలు 9. పెద్ద అంకె వేసుకున్నా మొత్తం 37, చేతిలో మిగిలేది 63.

"అద్దె కట్టి ఏం లాభమండీ, ఈఎంఐ అయితే మన ఆస్తి కదా" అన్నారు ఆయన. ఈ మాటకి జవాబు కాగితం మీదే చూపించాలి. ఏడాదికి 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను తీసుకుంటే, మొదటి నెల కట్టే వాయిదాలో దాదాపు 82 శాతం వడ్డీకే పోతుంది. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టినా అసలులో తీరేది సుమారు 12 శాతం. పూర్తిగా కట్టేసరికి తీసుకున్న దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువే కడతాం. పదిహేనేళ్లు అదే ఇంట్లో ఉండేవాళ్లకి ఇది తప్పేం కాదు. రెండు మూడేళ్లలో ఆమె ఉద్యోగం మారొచ్చు, అమ్మాయి కాలేజీకి వెళ్తుంది, పెద్దావిడ ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పలేం. ఇన్ని కదిలే వాటి మధ్య పొదుపంతా ఒకే ఇంట్లో పెట్టేసి, ఆసుపత్రి ఖర్చొస్తే అప్పు చేయాల్సిన స్థితిలోకి వెళ్లడం నాకు నచ్చలేదు. ఆ మాటే చెప్పాను.

వెసులుబాటు లేనిది ఎవరికి?

డబ్బు లెక్క దగ్గరే ఆగిపోయి ఉంటే భర్త బహుశా ఒప్పుకునేవారు కాదు. 47కి 45కి తేడా రెండే కదా, ఎక్కడో సర్దుకుంటాం అంటారు ఎవరైనా. నిర్ణయాన్ని తేల్చింది టైము లెక్క.

ప్రతి కుటుంబంలో ఒకరి రోజు అటూ ఇటూ జరగదు. మిగతావాళ్లు పది నిమిషాలు ఆలస్యమైనా, ఒక రోజు ఇంటి నుంచి పని చేసినా నడిచిపోతుంది. జరగనిది ఎవరి రోజో ముందు కనిపెట్టి, ఇంటిని వాళ్ల వైపు నుంచి వెతకాలి. ఇక్కడ ఆ మనిషి భార్య. ఎక్కువ సంపాదించేది భర్త కాబట్టి ఇంట్లో ఎవరూ అలా ఆలోచించలేదు.

ఆమె సాయంత్రం షిఫ్టు రాత్రి 9కి అయిపోతుంది. తర్వాతి షిఫ్టు వాళ్లకి పని అప్పగించి బయటపడేసరికి తొమ్మిదిన్నర. మర్నాడు డే షిఫ్టు పడితే పొద్దున 7కల్లా వార్డులో ఉండాలి. నెలలో కొన్నిసార్లు ఇలా ఒకదాని వెంట ఒకటి పడతాయి. మధ్యలో ఉన్నది తొమ్మిదిన్నర గంటలు. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పని వేళల నిబంధనల్లో ప్రతి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని రాసుకున్నారు. అంటే ఇంటి దూరం కలపకముందే ఆమెకి గంటన్నర తక్కువ. శివారు ఇల్లు ఆసుపత్రికి గంటంబావు దూరం. వెళ్లిరావడానికి రెండున్నర గంటలు తీసేస్తే ఇంట్లో ఉండేది ఏడు గంటలు. అందులోనే తినాలి, స్నానం చేయాలి, పిల్లల డైరీ చూడాలి, నిద్రపోవాలి. ఆ వైపు చివరి బస్సు 8.40కే వెళ్లిపోతుంది, రెండో బండి కొనాలన్నది అందుకే. ఏడు గంటల నిద్ర కూడా లేని మనిషి చీకట్లో అంత దూరం బండి నడపాలి.

ఈ లెక్క ఆమె ముందు పెట్టినప్పుడు మొదటిసారి నోరు విప్పారు. "ఇల్లు బావుందండీ. ఆ ఇంట్లో నేనుండే టైమే నాకు కనబడటం లేదు." భర్త కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయనే పెన్ను తీసుకుని ఇద్దరి ప్రయాణాలూ కూడారు. శివారు నుంచి వారానికి 20 గంటలు, పాత పేట నుంచి ఎనిమిది చిల్లర. ఇటాలియన్ శాస్త్రవేత్త చేజరే మార్కెట్టి 1994లో ఒక విషయం రాశాడు: ఏ కాలంలోనైనా, ఏ వాహనం ఉన్నా, మనుషులు సగటున రోజుకి గంట దగ్గర ప్రయాణానికి కేటాయిస్తారని. అది చట్టం కాదు, గమనింపు. నేను దాన్ని కొలబద్దలా వాడుకుంటాను. రోజుకి గంట దాటే ప్రయాణం ఏ ఒక్కరి మీద పడుతున్నా, ఆ కుటుంబం దానికి ఏదో ఒక రూపంలో ఖరీదు కడుతుంది.

పెద్దావిడ సంగతి వేరు. శివారు ఇంట్లో కింద గది ఉంది, మెట్ల బాధ లేదు. అయితే పగలంతా ఆ ఇంట్లో ఆమె ఒక్కరే ఉండాలి, చుట్టుపక్కల ఇళ్లు ఇంకా నిండలేదు. "కింద గదుంటే చాలు బాబూ. పలకరించే మనిషి లేకుండా మాత్రం కూర్చోబెట్టకండి" అన్నారు.

చవకకి కారణం వెతకడం

ఆర్థికవేత్త విలియం అలోన్సో 1964లో పట్టణ భూమి ధరల గురించి చెప్పింది ఇవాళ్టికీ చెల్లుతుంది. ఊరి నడిమధ్య నుంచి దూరం జరిగే కొద్దీ, ప్రయాణానికి పోయేదానికి తగ్గట్టుగా స్థలం ధర తగ్గుతుంది. అంటే దూరం ఖరీదుని మార్కెట్ ముందే కొలిచి ధరలో తగ్గించేసింది. మనకి ఉచితంగా ఏమీ ఇవ్వలేదు. ఏ ఇల్లయినా చవకగా దొరుకుతోందంటే ఏదో ఒక కారణానికి తగ్గించినట్టే. బడ్జెట్ తక్కువున్న కుటుంబం చేయాల్సిందల్లా, మిగతావాళ్లు వద్దనుకునే ఏ కారణం తమకి నొప్పి కలిగించదో వెతుక్కోవడం.

శివారు ఇంటి చవకకి కారణం దూరం. అది నేరుగా వెళ్లి ఈ ఇంట్లో అతి తక్కువ వెసులుబాటున్న మనిషి మీద పడుతుంది. మూడో అంతస్తు చవకకి కారణం మెట్లు, అది పెద్దావిడ మీద పడుతుంది. పాత పేట చవకకి కారణాలు మూడు: పాత బిల్డింగు, పార్కింగ్ లేకపోవడం, రైలు మోత. కారు లేని కుటుంబానికి పార్కింగ్‌తో పని లేదు. ఆ ఒక్క కారణానికే అక్కడ అద్దె బాగా తగ్గుతుంది, అది వీళ్లకి దాదాపు లాభం. పాత బిల్డింగు సంగతి వెళ్లి చూస్తే తేలిపోతుంది.

రైలు మోత దగ్గరే చిక్కొచ్చింది. నైట్ డ్యూటీ చేసిన మర్నాడు ఆమె పగలు నిద్రపోవాలి. అంటే ఈ కారణం కూడా తిరిగి తిరిగి అదే మనిషి మీద పడేలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రైలు శబ్దం రాత్రిపూట సగటున 44 డెసిబెల్స్‌లోపు ఉండాలని ఉంది. అది ఇంటి బయట తీసుకునే ఏడాది పొడవు సగటు. ఫోన్‌లో యాప్ పెట్టి ఒక రైలు వెళ్లేటప్పుడు చూసే అంకెని దానితో పోల్చకూడదు. అందుకని యాప్ జోలికి పోకుండా ఓనరుని అడిగి, ఆమెనే నైట్ డ్యూటీ అయిన రోజు మధ్యాహ్నం వరకు ఆ ఇంటి వెనక గదిలో పడుకోమన్నాం. పట్టాల పక్క వీధిలోని ఇంట్లో గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా మెలకువ వచ్చిందన్నారు. ఒక వీధి పైకెళ్తే, అడ్డంగా నాలుగంతస్తుల బిల్డింగు ఉండటంతో మోత సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. అక్కడ పడుకున్న రోజు ఫోన్ చేసి లేపితే గానీ లేవలేదు. అద్దె 25 నుంచి 28కి పెరిగింది అక్కడే.

కింది వీధిని వద్దనుకోవడానికి ఇంకో కారణం కూడా కనబడింది. ఆ వరుసలో ఇళ్లకి కరెంటు మీటర్లు తలకంటే ఎత్తున ఉన్నాయి. లోపల ప్లగ్గులు నడుం కంటే పైన. గోడలకి కింది భాగంలోనే కొత్త రంగు, ఒకే ఎత్తులో గీత గీసినట్టు. కింద ప్లగ్గు పెట్టుకోవడానికి అన్ని ఇళ్లవాళ్లూ ఒకేలా భయపడ్డారంటే ఆ వీధిలోకి నీళ్లొచ్చాయని అర్థం. ఓనరు ఏం చెప్పినా ముందు మీటరు ఎక్కడుందో చూడండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో పెద్దవాళ్లని ఉంచబోయేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

పిల్లల వయసు

కొత్త చోటు పిల్లలకి మంచిదా కాదా అన్న ప్రశ్నకి, నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టి ఆధారం అమెరికాలో జరిగిన మూవింగ్ టు ఆపర్చునిటీ ప్రయోగం. 1994 నుంచి 1998 దాకా బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాలని లాటరీ పద్ధతిలో విడగొట్టి, కొందరికి పేదరికం తక్కువున్న పేటలకి మారడానికి సాయం చేశారు. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ 2016లో ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ల సంపాదన చూశారు. 13 ఏళ్లు నిండకముందు మారిన పిల్లలు ఇరవైల మధ్యలో సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. టీనేజీలో మారినవాళ్లకి లాభం కనబడలేదు, కొంత నష్టం వైపే మొగ్గింది.

ఆ కుటుంబాల పరిస్థితి వేరు, వీళ్ల పరిస్థితి వేరు. ఆ 31 శాతాన్ని తెచ్చి ఇక్కడ అతికించను. అందులోంచి నేను తీసుకునేది వయసు ఒక్కటే. ఎనిమిదేళ్ల అబ్బాయికి స్కూలు మారినా భయపడాల్సింది లేదు, ఎదగడానికి బోలెడు ఏళ్లున్నాయి. పద్నాలుగేళ్ల అమ్మాయి పెద్ద పరీక్షల ముంగిట స్నేహితుల్ని, టీచర్లని వదిలి రావడం వేరు. పాత పేట నుంచి ఆమె ఇప్పటి స్కూలుకి ఒకే బస్సు, అరగంట. శివారు నుంచి అయితే స్కూలు మార్చడం తప్ప దారి లేదు, అక్కడి స్కూలు ఇంకా కడుతున్నారు. అందుకే అబ్బాయిని కొత్త పేటలోని స్కూల్లో వేసి, అమ్మాయిని పాత స్కూల్లోనే ఉంచాలని రాశాను. "తమ్ముడికి నడిచెళ్లే స్కూలు, నాకు బస్సా?" అని అమ్మాయి గొడవ పెట్టుకుంది. స్కూలు మార్చమంటావా అంటే మాత్రం మాట్లాడలేదు.

తేలింది

పై వీధి ఇంటికే వెళ్లారు. గ్రౌండ్ ఫ్లోర్, రెండు బెడ్‌రూములు, ఇంకో చిన్న గది. రెండేళ్ల అగ్రిమెంటు రాసుకున్నారు. అద్దె ఏడాదికి ఎంత పెరగాలో, ఓనరు ఖాళీ చేయమంటే మూడు నెలల ముందు చెప్పాలని అందులో స్పష్టంగా పెట్టించాం. మొదటి ఇంట్లో వాళ్లని ఇబ్బంది పెట్టింది ఆ చివరి షరతు లేకపోవడమే. ఓనరు మొదట ఒప్పుకోలేదు. బదులుగా వీళ్లూ మూడు నెలల ముందు చెప్తామని రాసివ్వడంతో సరేనన్నారు.

తర్వాత మళ్లీ కూర్చుని లెక్క చూసినప్పుడు రాకపోకల ఖర్చు 9 అనుకున్నది 10 అయింది, పెద్దావిడని డాక్టరు దగ్గరికి టాక్సీలో తీసుకెళ్తున్నారు. వంటగది ఇరుకు. ఇద్దరు పిల్లలకీ ఒకే గది కావడంతో రాత్రి లైటు ఆర్పే దగ్గర రోజూ తగువే, చిన్న గదిని అమ్మాయికి ఇచ్చేశాక కాస్త నెమ్మదించింది. ఆమె మాత్రం సాయంత్రం షిఫ్టు అయిన రాత్రి పదింటికల్లా ఇంట్లో ఉంటున్నారు. పెద్దావిడకి పక్క వాటాలో తన వయసు మనిషి దొరికారు. ఇది లెక్కలో లేనిది, కలిసొచ్చింది.

భర్తకి సొంతింటి మీద మనసు పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. శివారు వైపు కొత్త రోడ్డు వస్తోందని ఈ మధ్య కూడా మెసేజ్ పెట్టారు. వస్తుందన్న రోడ్డు మీద ఎవరూ ఆసుపత్రికి చేరుకోలేరు కాబట్టి, అది తెరిచాక పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి దాని మీద వెళ్లి టైము రాసుకుని పంపమన్నాను. రెండేళ్ల అగ్రిమెంటు పూర్తయ్యేసరికి అమ్మాయి స్కూలు చదువు అయిపోతుంది, అబ్బాయికి పదేళ్లు వస్తాయి. ఆమెకి అప్పటికి షిఫ్టుల్లేని విభాగంలోకి మారే వీలుందేమో ఇప్పటి నుంచే అడుగుతున్నారు. అది దొరికితే దూరం బరువు సగం తగ్గిపోతుంది, శివారు ఇంటిని మళ్లీ లెక్కలోకి తీసుకోవచ్చు. దొరక్కపోతే రైలు స్టేషన్‌కి నడిచెళ్లే దూరంలో పాత ఇల్లు ఏదైనా కొనడం చూస్తాం. అప్పటిదాకా డౌన్ పేమెంట్ డబ్బు ముట్టుకోకుండా, నెలనెలా మిగిలే దాంట్లోంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడేంత వేరే ఖాతాలో వేయమన్నాను. ఆ ఖాతా భార్య పేరు మీద తెరిచారు.